సుత్తుల మోత చాటున

మా స్ప్రింగ్‌బర్న్ పేటలో ఆవిరి ఇంజన్ల కార్ఖానాలు మూతపడి చాలా కాలమైంది. ఇప్పుడు వాటికి వారసత్వం అని పేరు పెట్టి, మా చర్చి హాల్లో ప్రదర్శన పెట్టారు. కార్ఖానా నడిచినన్నాళ్లూ ఈ వీధిలోకి రావాలంటే ముక్కు మూసుకున్నవాళ్లే ఆ ప్రదర్శన కమిటీ నిండా ఉన్నారు.

మా ఆయన డూగల్ బాయిలర్ల రేకులు అతికే రివెట్లను సుత్తితో కొట్టినవాడు. ఆ పని చేసినవాళ్లందరికీ సుత్తుల మోతకు చెవులు పోయాయి. ఆ మోతలోనే పెదవులు చూసి మాట్లాడుకోవడం నేర్చారు. బుధవారాలు ఈ హాల్లోనే చేరి, టీ తాగుతూ అలాగే కబుర్లాడుకుంటారు. వాళ్లకు మిగిలిన చోటు ఇదొక్కటే. ఈ ప్రదర్శన వల్ల అది పోతుందేమోనని డూగల్‌కు బెంగ.

"బుధవారాలు మీవేనని పాస్టరుగారు మాటిచ్చారు కదయ్యా" అన్నాను, పెదవులు బాగా కదిలిస్తూ.

ప్రారంభం నాడు కమిటీ పెద్ద హాల్డేన్ అమ్మగారు, "మన శ్రామికులకు మా కానుక!" అంటూ మీట నొక్కింది. సుత్తుల మోత రికార్డు. చెవిటివాళ్లకు చప్పుడు కానుక! దేవుడు క్షమించాలి, నాకు నవ్వాగలేదు.

ఆ మోత చాటున ఆవిడ పాస్టరుగారి వైపు వంగి ఏదో అంది. పక్కనే ఉన్నా నాకు ఒక్క ముక్క వినబడలేదు. ఎదుటి గోడ దగ్గర డూగల్ మొహం మాడిపోయింది.

మోత ఆగగానే అతను గొంతెత్తాడు. "ఏమమ్మా, ఈ ముసలాళ్లకి ఇవాళ్టితో సరి, రేపే తాళం మారుస్తానన్నావే!"

"అబ్బే, నేననలేదు పెద్దాయనా."

"అనలేదట. వాలీ, నువ్వేం చూశావ్ రా?"

డూగల్ పాత జోడీ వాలీ మెకార్డీ మీసం దువ్వాడు. "తాళమనే చూశాను. పాస్టరుగారు 'సరే' అనడం కూడా చూశాను."

బాయిలర్ పనివాళ్ల ముందు మోత చాటున గుసగుసలు! ఇంత తెలివి మా వీధి పిల్లులకు కూడా లేదు.

డూగల్ అడ్డం కట్టిన తాడు తప్పించి, ప్రదర్శనకు పెట్టిన కార్ఖానా భోజనపు బల్ల దగ్గర కూర్చున్నాడు. మిగతా పాత పనివాళ్లూ కూర్చున్నారు.

"అయ్యో, అది ముట్టుకోకూడదు!" అంది ఆవిడ.

"మమ్మల్ని ముట్టుకుని చూడు" అన్నాడు వాలీ. ప్రారంభానికి వచ్చిన పత్రికవాళ్లు ఇదీ ప్రదర్శనే అనుకుని ఫొటోలు తీశారు.

మాటిచ్చి తప్పినవాడి ప్రార్థన పైకి వెళుతుందా? నాకు తెలియదు. పాస్టరుగారు నేల చూపులు చూస్తూ, "బుధవారాలు ఎప్పటిలాగే" అని గొణిగారు.

"తల పైకెత్తి చెప్పండి, కనబడలేదు" అన్నాడు డూగల్.

పత్రికవాళ్ల ముందు, తలెత్తి, ఆయన మళ్లీ చెప్పారు.