పుక్కిలించి ఊసిన వైన్

ఇటలీ వైన్ల చదువు నాకు పట్టించింది మా ఆయన విన్సెంటే. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే తర్వాత ఆయన అన్న మాట వింటే మీకు ఒళ్ళు మండుతుంది.

మాది నరసాపురం. దోహాలో ఓ పెద్ద హోటల్లో, ఇటాలియన్ రెస్టారెంట్లో వడ్డిస్తాను. ఏ వంటకి ఏ వైనో చెప్పే ఉద్యోగం ఖాళీ అయితే, పరీక్ష రాయమని వెంటపడింది ఆయనే. మెసయీద్ ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి ఇంటికి రాగానే, అన్నం దగ్గర కూర్చుని ప్రశ్నలు మొదలెట్టేవాడు. వెర్దిక్కియో ఎక్కడిది? మార్కే తీరానిదండీ, అక్కడి చేపల కూరకి సరిజోడు, ఆ కూరంటే మన పులుసే, చింతపండు బదులు వెనిగర్ పోస్తారు అనేదాన్ని. ఫలంఘీనా? నేపుల్స్ వైపుది, వేయించిన చేపల్లోకి బాగుంటుంది. సొవావె అయితే రొయ్యలేసి జారుగా వండే అన్నంలోకి. అబ్బో, నా పెళ్ళాం దొరసాని అయిపోయిందని నవ్వి, ఇంకో చేపముక్క వేయించుకునేవాడు.

నేను తాగను. మందు ముట్టనని చర్చి సంఘంలో మాటిచ్చినదాన్ని. నోట్లో పోసుకుని, పుక్కిలించి ఊసేయడమే మా పని. అదీ ఆయనకి తెలుసు.

మా సంఘంవాళ్ళెవరో హోటల్‌కి భోజనానికొచ్చి, నేను గ్లాసెత్తడం చూశారట. ఊసేయడం మాత్రం చూళ్ళేదు. శుక్రవారం ఆరాధన అయ్యాక పాస్టరు ఏసోబు గారు మా ఇద్దర్నీ పక్కగదిలోకి పిలిచారు. ఆ నెల్లోనే విన్సెంట్‌ని సంఘపెద్దగా నిలబెట్టాలి. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన విన్సెంట్ వైపు తిరిగి, నీకిది తెలుసా బాబూ అని అడిగారు. నాకేం భయం లేదు, మొగుడు పక్కనే ఉన్నాడుగా అనుకున్నా.

"తెలియదండీ," అన్నాడు విన్సెంట్. "ప్లేట్లు అందిస్తున్నానని చెప్పింది. నా దగ్గర దాచింది."

పాస్టరు గారు నన్ను పాటల బృందంలోంచి తప్పించేశారు. భార్య చేతిలో మోసపోయిన ఈ బిడ్డని ఆదరించు ప్రభువా అని ఆయన కోసం ప్రార్థన కూడా చేశారు. నేను ఆమెన్ అన్నాను, ఏం చెయ్యను మరి!

కారెక్కాక విన్సెంట్ మెల్లిగా అందుకున్నాడు. అలా అనకపోతే పెద్దరికం పోయేదట. నేనేం మానక్కర్లేదట, పరీక్ష రాసెయ్యొచ్చట, ఎవరికీ తెలియకుండా చూసుకుంటే చాలట. నమ్మించి గొంతు కోయడమంటే వినడమే ఇన్నాళ్ళూ. చెయ్యని దొంగతనం నెత్తిన రుద్దింది చాలక, ఇప్పుడు నిజంగానే దొంగలా బతకమంటున్నాడు. ఒళ్ళు మండిపోయింది. కారు పక్కకి ఆపించి, పాస్టరు గారికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి ఆయన ముందు పట్టుకున్నాను.

"చెప్పండి," అన్నాను. "నిజం మీరే చెప్పండి."

విన్సెంట్ నా మొహంలోకి చూశాడు. తర్వాత ఫోన్ వైపు వంగాడు.

"బుద్ధి తెచ్చుకుందండీ," అన్నాడు. "పాపం, ఒకటే ఏడుస్తోంది."

అప్పటిదాకా నా కంట చుక్క నీరు లేదు.