ఎవరింటి బొద్దింకలు

వక్కరంగులో, బొటనవేలంత ఉన్న బొద్దింక ఒకటి హబీబా ఇంటి దూలం మీంచి లేచి, గదిలో ఒక చుట్టు తిరిగి, గుమ్మంలో నిలబడ్డ గంగాధరప్ప చొక్కా మెడలోకి దూరింది.

అంతవరకూ ఆయన మనవరాలి గౌను ఇంకా ఎందుకు కుట్టలేదని పెద్దమనిషి గొంతుతో అడుగుతున్నాడు. ఆ పైన ఆయన గొంతూ పెద్దరికమూ రెండూ జారిపోయాయి. గుండీలు తెంపుకుని, చేతులు విదిలించుకుంటూ వీధిలోకి గెంతాడు. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టి కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వింది అందరూ. ఆయన కక్ష పెట్టుకున్నది మాత్రం హబీబా మీదే.

కంబదూరులో బస్టాండు వెనక తిప్పేస్వామి కట్టించిన వరస ఇళ్ళు అవి. అయిదు గుమ్మాలు, మధ్య మధ్య ఒకటే గోడ. ఆ చివర రోడ్డు మీదికి గంగాధరప్ప చిల్లర అంగడి, దాని వెనకే ఆయన కాపురం. ఈ చివర హబీబా. ఆమె భర్త కలీముల్లా బళ్ళారిలో లారీ నడుపుతాడు, వీలు దొరికినప్పుడు వచ్చి పోతుంటాడు. హబీబా కుట్టు మిషను మీద జాకెట్లు, గౌన్లు కుడుతుంది. ఆ వరసలో ఆమె చేతి జాకెట్టు తొడుక్కోని ఆడది లేదు.

రెండువేల మూడు ఎండాకాలం అది. వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్ళు. వేరుశనగ బుడ్డల చేలు బూడిద తేలాయి, బోర్లు గాలి కక్కాయి. ట్యాంకరు వచ్చిన రోజే పండగ. అలాంటి కరువులో, మనుషులకే గుక్కెడు నీళ్ళు లేని చోట, ఈ ఎర్ర బొద్దింకలు మాత్రం యాడ నుంచి వచ్చిపడ్డాయో తెలియదు. పొద్దుగూకి దీపం పెట్టే వేళకు మూల మూల నుంచీ లేచేవి. పాకితే కొట్టొచ్చు. ఇవి ఎగిరేవి. ముఖం మీదికే వచ్చేవి.

మర్నాడు పొద్దున తిప్పేస్వామి వచ్చాడు. మంచివాడే. కాకపోతే ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ మాట నిజమనుకునే మనిషి. గుమ్మం బయటే నిలబడి, చెప్పుల వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"హబీబమ్మా, ఏమనుకోవద్దు. గంగాధరప్ప రాత్రంతా నన్ను నిద్రపోనీలేదు. వరసంతా నీ ఇంట్లోంచే పురుగు పడతాందంటాడు."

"నా ఇంట్లోంచేనని ఆయప్పకు ఎట్ల తెలిసినాదన్నా?"

తిప్పేస్వామి నసిగాడు. "మీ తిండీ, మీ పద్ధతీ వేరే కదా అంటాడు. ఎముకలూ అవీ పడేస్తారంట. నేననలేదమ్మా, ఆయప్ప మాట చెబుతాండా."

హబీబాకు చెవులు వేడెక్కాయి. చేతిలో ఉన్న కత్తెర పక్కన పెట్టింది.

"లోపలికి రాన్నా. వచ్చి చూడు. గిన్నె కింద చూడు, పొయ్యి వెనక చూడు, బియ్యం డబ్బా ఎత్తి చూడు. ఒక్క మెతుకు కనపడితే చెప్పు."

ఆయన లోపలికి రాలేదు. "నెలాఖరుకి వేరే ఇల్లు చూసుకుంటే బాగుంటాదమ్మా" అన్నాడు.

"తప్పు చూపించు, ఈ పొద్దే పోతా. చూపించకుండా పొమ్మంటే పోను. ఆ మాట ఆయప్పకు నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

తిప్పేస్వామి వెనుదిరిగి వెళ్ళిపోయాడు. ఆయన మలుపు తిరిగేదాకా నిటారుగా నిలబడి, తర్వాత తలుపు మూసుకుని కూర్చుని ఏడ్చింది హబీబా. ఎక్కువసేపు కాదు. కుట్టాల్సిన జాకెట్లు ఉన్నాయి.

సాయంత్రం ఎస్‌టీడీ బూతు నుంచి భర్తతో మాట్లాడింది. "వదిలెయ్, బళ్ళారికి వచ్చెయ్. ఈడ ఇల్లు చూస్తా" అన్నాడు కలీముల్లా. ఆమెకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. అంతలోనే అనిపించింది, పోతే ఆ మాట ఈ వీధిలో నిజమైపోతుంది. హబీబా ఇంటి మురికి అని పదేళ్ళు చెప్పుకుంటారు. బళ్ళారిలోనూ బొద్దింక ఎగరదని ఏముంది?

"రాను. ముందు ఇవి యాడ నుంచి వస్తాండాయో చూస్తా" అని ఫోను పెట్టేసింది.

ఇల్లంతా బోర్లించి తుడిచింది. గోడల వెంట బొద్దింకల మందు సుద్దముక్కతో గీతలు గీసింది. వేపాకు పొగ పెట్టింది. ఒకటో రెండో వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకున్నాయి. పొద్దుగూకేసరికి మళ్ళీ అన్నీ హాజరు.

అప్పుడు చంపడం ఆపి, చూడడం మొదలుపెట్టింది. ముక్కాలిపీట మీద కూర్చుని, చెప్పు ఒళ్ళో పెట్టుకుని, ఊరికే చూసింది. చూడగా చూడగా ఒక సంగతి పట్టుకుంది. వచ్చేవన్నీ పెద్దవే. రెక్కలు ముదిరినవే. పుట్టింట్లో చిన్నప్పుడు గూట్లో ఉండే బొద్దింకలు ఆమెకు తెలుసు. సన్నవి, ఎగరలేనివి, డబ్బా కదిపితే చీమల్లా పిల్లలు చెదిరేవి. ఇక్కడ పిల్ల అన్నదే లేదు. అలమర వెనక గుడ్ల తిత్తి లేదు. కాపురం ఉన్న చోట పిల్లలుండవా? ఇవి ఈ ఇంట్లో పుట్టినవి కావు. యాడో కాపురం పెట్టి, ఇక్కడికి చుట్టపుచూపుగా వస్తున్నాయి.

రెండో సంగతి ఇంకా తేలిగ్గా దొరికింది. వచ్చినవి అన్నం గిన్నె దగ్గరికి పోవడం లేదు. నీళ్ళ తొట్టి అంచునా, తడిపి ఆరేసిన లైనింగు గుడ్డల కిందా, కడవ కింద వేసిన తడి గోనెపట్టా కిందా చేరుతున్నాయి. జాకెట్టు గుడ్డ తడిపి ఆరేయందే ఆమె కత్తెర పెట్టదు, ఉతికాక ముడుచుకుంటుందని. తెచ్చుకున్న ట్యాంకరు నీళ్ళలో తాగేవి తగ్గించుకునైనా గుడ్డలు తడిపేది. అందుకే వీధి వీధంతా పెళుసెక్కిన ఆ ఎండల్లో కూడా ఆమె గదిలో ఎప్పుడూ కాస్త తడి ఉండేది.

దప్పిక. అంతే. వాటికీ దప్పికే.

దారి కూడా కనిపించింది. స్నానం చేసే బచ్చలి మూలలో నీళ్ళు బయటికి పోయే తూము ఉంది. అందులోంచి ముందు పొడుగాటి మీసాలు రెండు బయటికి వచ్చి అటూ ఇటూ ఆడాయి. ఆ తర్వాత తల. ఆమె తూముకు గుడ్డ కుక్కి, పైన ఇటుక పెట్టింది. ఆ సాయంత్రం వచ్చినవి సగానికి సగం తగ్గాయి. మిగతావి వెనక తలుపు కింద సందులోంచి వచ్చాయి.

పక్కింటి లక్ష్మీదేవిని అడిగింది. "మీ ఇంట్లో వస్తాండాయా?"

"మా ఇంట్లోనా? ఒక్కటి లేదక్కా" అంది లక్ష్మీదేవి, మరీ తొందరగా.

ఆ మర్నాడు సాయంత్రం గోడ అవతల టపటపా చెప్పు దెబ్బలు వినిపించాయి. హబీబా వెళ్ళి తలుపు తోసింది. లక్ష్మీదేవి చీర ఎగ్గట్టి మంచం మీద నిలబడి ఉంది. ఒక చేతిలో చెప్పు, ఒక చేతిలో చేట. నేల మీద ముగ్గురు అమరులు. హబీబాను చూసి ముఖం ఎర్రగా చేసుకుంది.

"చెబితే మా ఇంటినీ మురికిదంటారని భయమక్కా" అంది మంచం దిగుతూ. "మా అత్త ఎవురికీ చెప్పద్దనింది."

"నన్ను ఎల్లగొడతాంటే కూడా చెప్పలేకపోయినావా?"

లక్ష్మీదేవి తల వంచుకుంది. గొంతు తగ్గించి, "గంగాధరప్ప ఇంట్లోనూ ఉండాయక్కా. ఆయప్ప పెండ్లాం బెల్లం బుట్ట ఎత్తి వెనకాల దులుపుతాంటే చూసినా" అంది.

హబీబాకు కోపం కంటే ముందు నవ్వు వచ్చింది. అయిదిళ్ళూ తలుపులు మూసుకుని, ఎవరి చెప్పుతో వాళ్ళు గుట్టుగా కొట్టుకుంటున్నాయన్నమాట. తలుపు తీసి పెట్టుకున్నది తనొక్కతే. కాబట్టి పేరు తనకొచ్చింది.

"మన బచ్చలి నీళ్ళన్నీ యాడికి పోతాయి లక్ష్మీ?"

"వెనకాల పాత బావిలోకి. నేను కాపురానికి వచ్చినప్పుడు దాంట్లో నీళ్ళుండె. ఎండిపోయినాక తిప్పేస్వామన్న పైపులు అందులోకి వదిలి, పైన బండలు పరిచినాడు. ఇప్పుడు ఆ బండల మీదే గంగాధరప్ప సామాన్లుండేది."

ట్యాంకరు వచ్చే రోజు వరస అంతా వీధిలోనే ఉంటుంది. తిప్పేస్వామి కూడా, కొట్లాటలు కాకుండా చూడ్డానికి. పొద్దు నడినెత్తికి ఎక్కుతున్న వేళ హబీబా బిందె పక్కన పెట్టి అందరి ముందుకూ వచ్చింది. కొంగు తల మీదికి సర్దుకుంది.

"నా ఇంట్లో బొద్దింకలుండాయి. దాచను. మీ ఇండ్లల్లో ఉండాయా లేవా, చెప్పండి."

ఒకామె బిందె లోపలికి చూసుకుంది. చివరికి లక్ష్మీదేవి, అత్త చేయి పట్టి లాగుతున్నా, "మా ఇంట్లో ఉండాయి" అంది. ఆ మాట అయ్యాక మూడో ఇంట్లోంచి ఒకరు, నాలుగో ఇంట్లోంచి ఒకరు.

గంగాధరప్ప అంగడి అరుగు మీంచి లేచాడు. "ఏమప్పా ఇది, నడివీధిలో ఈ పంచాయితీ? ఆమె ఇంట్లోంచి పాకి మీ ఇండ్లకు వచ్చినాయి. అంతే."

"అయితే చూద్దాం రాన్నా" అంది హబీబా. "వెనకాల బావి బండ తీద్దాం. అందులో ఏమీ లేకపోతే నేను ఈ పొద్దే సామాన్లు కట్టుకుంటా."

"దాని మీద నా సామానుండాది. ఎవురూ ముట్టుకునేది లేదు."

"నువ్వు ముట్టుకోవద్దు. నేనే తీస్తా."

ఆమె వెనక్కి నడిచింది. ఖాళీ డబ్బాలు, చిరిగిన గోనెలు, విరిగిన తక్కెడ ఒక్కొక్కటే ఎత్తి పక్కన పెట్టింది. రెండో డబ్బా దగ్గరికి లక్ష్మీదేవి వచ్చి కలిసింది. ఆయన అరుస్తూనే ఉన్నాడు కానీ ఇద్దరాడవాళ్ళ మీద చేయి వేసే ధైర్యం చేయలేదు. వీధంతా అక్కడికి చేరింది. తిప్పేస్వామి కాసేపు తల గోక్కుని, తన ఇంటికి పోయి గడ్డపార తెచ్చాడు. బహుశా జీవితంలో మొదటిసారి, ఎవరూ గట్టిగా చెప్పకుండానే.

బండ సందులో గడ్డపార మోపి, ముగ్గురూ కలిసి ఎత్తారు. ఎండ నిలువుగా బావిలోకి పడింది.

బావి గోడలు ఎర్రగా ఉన్నాయి. మట్టి రంగేమో అనుకున్నారు. ఆ ఎరుపు కదిలింది. రాయి రాయికీ మధ్య, పైపుల మూతుల చుట్టూ, చిన్నా పెద్దా, ముసలీ ముతకా, గుడ్లు మోస్తున్నవి, ఇంకా రెక్కలు రాని పిల్లలు, ఒకదాని మీద ఒకటి. వెలుగు తగలగానే కిందికి దూరినవి కిందికి దూరాయి. రెక్కలున్నవి వేడికి బర్రుమని పైకి లేచాయి.

జనం బిందెలు వదిలి పరిగెత్తారు. గంగాధరప్ప అందరికంటే ముందు. హబీబా కదల్లేదు. ఒకటి ఆమె కొంగు మీద వాలింది. వేలితో చిమ్మేసింది.

ఎగిరేవి ఎగిరిపోయాక జనం మెల్లగా వెనక్కి వచ్చారు.

"చూసినారా? పిల్లలు ఈడ ఉండాయి. కాపురం ఈడ" అంది హబీబా. "అయిదిండ్ల నీళ్ళు తాగి పెరిగినాయి. మునుపు నీళ్ళు పారుతాండె, ఇవి కిందనే ఉండె. ఇప్పుడు మనం చెంబు నీళ్ళతో పోసుకుంటాండాం, అడుగు ఎండిపోయింది. తడి కోసరం పైపు పట్టుకుని పైకొస్తాండాయి. ఇవి నావి కాదు. మనందరివీ."

గంగాధరప్ప దూరం నుంచే అన్నాడు, "ఏమైనా ఎక్కువ పోయేది ఆమె ఇంటికే."

"అవునన్నా" అంది ఆమె, ఆయన వైపు తిరిగి. "నా ఇంట్లో తడుంటాది. గుడ్డ తడిపేది నా పని. బొద్దింకలకు భయపడి పని మానుకోను, నీకు భయపడి ఇల్లూ వదలను."

ఆయన వెనక్కి తిరిగాడు. అంగడిలోకి పోయి, ఎవరూ అడగని పంచదార పొట్లాలు కట్టుకుంటూ కూర్చున్నాడు.

ఆ వారంలోనే తిప్పేస్వామి మేస్త్రీని పిలిపించాడు. బావిలో సున్నం కుమ్మరించారు. ప్రతి ఇంటి తూముకూ సన్న జల్లెడ బిగించారు, బండల సందులు సిమెంటుతో పూడ్చారు. వెనక తలుపుల కింద చెక్క పట్టీలు కొట్టుకున్నారు. బొద్దింకలు పూర్తిగా పోలేదు. అవి పోయే జాతి కాదు. ఎండ మరీ కాసిన సాయంత్రాల్లో ఒకటో రెండో ఎగిరొచ్చేవి. కానీ ఇప్పుడు లక్ష్మీదేవి తలుపు మూసుకోకుండానే చెప్పు తీసేది. "అక్కా, నీ చుట్టం వచ్చినాడు" అని గోడ అవతల నుంచి కేకేసేది.

గంగాధరప్ప తప్పయిందని అనలేదు. మనవరాలి గౌను కోసం భార్యను పంపాడు. ఆమె గౌను మడత పెట్టుకుంటూ చాలాసేపు ఏదో చెప్పబోయి, కుట్టు బాగుందని మాత్రం చెప్పి వెళ్ళింది.

ఒక రోజు తిప్పేస్వామి వచ్చి అదే గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి చెప్పులు విడిచాడు. "ఆ మాటలు మర్చిపో హబీబమ్మా" అన్నాడు.

"మర్చిపోనన్నా. ఆ మాటలు నువ్వు మోసుకొచ్చినావు, నేను విన్నా. మర్చిపోయేదానికి అవేం చిన్న మాటలా?" కోపంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "కానీ నాకు ఒకటి కావాల. అంగడికి ఎదురుగా రోడ్డవతల నీ గోడ ఖాళీగా ఉండాది. దాని మీద నా పేరు రాయించుకుంటా."

ఆయన కాదనలేదు.

బోర్డులు రాసే ముత్యాలప్ప నీలం రంగు డబ్బాతో వచ్చాడు. సుద్దతో కొలత గీసి, "ఇంత అక్షరాలు సాలవా అక్కా?" అని అడిగాడు. హబీబా రోడ్డు దాటి, గంగాధరప్ప అంగడి అరుగు దాకా నడిచింది. ఆయన తూకం వేస్తూ తలెత్తి చూశాడు. ఆమె ఆయన పక్కనే నిలబడి, కళ్ళు చిట్లించి గోడ వైపు చూసింది.

"సాలవు ముత్యాలప్పా. ఇంకా పెద్దవి రాయి. ఈడికి కనపడాల."