పెద్దకోడలి గుంట

సెలవులకి ఆ ఊరొచ్చిన ప్రతి ఏడూ మొదటిరోజు పొద్దున జరిగేది ఒకటే. ఇంటిల్లిపాదీ బిలబిలమంటూ సముద్రం ఒడ్డుకి చేరతారు. గొడుగులు అద్దెకిచ్చే పెద్దాయన వాళ్ళకోసం అట్టేపెట్టిన చోటు చూపిస్తాడు. పెద్దకోడలు వెళ్ళి తన గుంటలో కూర్చుంటుంది. అంతే, సెలవులు మొదలైనట్టే.

గుంటంటే ఎవరో తవ్వింది కాదు. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ అక్కడే కూర్చోబట్టి ఇసుక ఆవిడ కొలత పట్టేసుకుంది. అలలొచ్చి పోయినా, వానలు కురిసి వెలిసినా చెక్కుచెదరదు. ఏడాదికో వేలిమందం లోతు పెరుగుతుంది. కూర్చుంటే ఇప్పుడు నడుము దాకా వస్తోంది. వేరేవాళ్ళు కూర్చోకుండా పెద్దాయన చుట్టూ తాడు కూడా కట్టాడు. చోటు వెతుక్కునే బాధ తప్పిందని ఇంట్లోవాళ్ళకి ఎంత సంబరమో!

ఆవిడ కూర్చోగానే సామాను వచ్చి ఒళ్ళో పడుతుంది. భర్తగారి గడియారం, తాళాలు, మరిది కళ్ళజోడు, ఫోన్లు. పక్కనే కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చునే అత్తగారి మందుల డబ్బా కూడా అక్కడికే రావాలి. చెప్పులన్నీ మోకాళ్ళ మీద పేరుస్తారు. ఇక ఇసుక నడుము చుట్టూ బిగుసుకుంటుంది. మధ్యాహ్నానికి గొడుగు నీడ జరిగిపోతుంది, ఆవిడ జరగలేదు. దాహమేసినా నీళ్ళు తాగదు, తాగితే లేవాలి కదా. సాయంత్రం ఎవరి సామాను వాళ్ళు తీసుకున్నాక భర్తా మరిదీ చెరో చెయ్యీ పట్టుకుని లాగుతారు. వాళ్ళు లాగబట్టే బయటికొస్తున్నానని ఇన్నాళ్ళూ అనుకుంది, పిచ్చిది.

ఇదంతా ఒక మర్యాద మాటతో వచ్చింది. కొత్తకోడలిగా మొదటిసారి వచ్చినప్పుడు, అందరూ నీళ్ళవైపు పరుగులు తీస్తుంటే, "మీరు వెళ్ళండి, నేను చూస్తుంటాను" అంది. మాటవరసకే అంది. అదేం కుదరదు, నువ్వూ రా అని ఒక్కరైనా అంటారనుకుంది. ఒక్కరూ అనలేదు. మర్నాటికి అలవాటైంది, మరుసటేటికి మా పెద్దకోడలికి నీళ్ళంటే భయమని పేరు పడింది. ఏటి ఒడ్డున పుట్టి, పదేళ్ళకే ఆ గట్టునుంచి ఈ గట్టుకి ఈదిన మనిషికి నీళ్ళంటే భయమట! చెబుదామని రెండు మూడుసార్లు నోరు తెరిచింది కూడా. అప్పటికే అందరూ నీళ్ళలో ఉన్నారు.

ఈ ఏడు మరిది కెమెరా కొన్నాడు. కొంటే కొన్నాడు, పెట్టడానికి వదిన ఒళ్ళో చోటేదీ? అతను దాన్ని పట్టుకుని దిక్కులు చూస్తుంటే, సముద్రంలోకి దిగడానికి జడ ముడేసుకుంటున్న పెద్దకోడలి కూతురు, పదిహేడేళ్ళది, చెయ్యి చాచింది.

"అమ్మ ఒళ్ళో చోటు లేదు బాబాయ్. ఇలా ఇవ్వు. మీరు వెళ్ళండి, నేను చూస్తుంటాను."

ఎవరైనా వద్దంటారేమోనని పెద్దకోడలు అందరి మొహాలూ చూసింది. మరిది కెమెరా ఇచ్చి, బంగారుతల్లివని మెచ్చుకుని పరుగెత్తాడు. పిల్ల తల్లి పక్కనే ఇసుకలో కూర్చుంది. పనిలో పనిగా తండ్రి కూడా పర్సు పిల్ల ఒళ్ళో పడేసి వెనకే పోయాడు. అత్తగారు చాపుకున్న కాళ్ళు ముడుచుకుంది.

పిల్ల కాసేపు కెమెరా తిప్పి చూసుకుంది. తర్వాత కాళ్ళు సర్దుకోబోయి ఆగిపోయింది. దాని కింద ఇసుక మెల్లిగా గిన్నెలా దిగుతోంది.

"అమ్మా, లేవలేకపోతున్నాను" అంది, నవ్వుతూనే.

ఆ నవ్వు చూసి తల్లికి ఏడుపొచ్చింది. మొదటిరోజు తనూ అలాగే నవ్వింది. అంతలోనే, పద్దెనిమిదేళ్ళుగా రాని కోపం ముంచుకొచ్చింది. చెయ్యి చాచి పిల్ల ఒళ్ళోంచి కెమెరా, పర్సు లాక్కుంది. లాక్కోవడం ఆలస్యం, ఇసుక పిల్లని వదిలేసింది. తల్లి మాత్రం గుండెల దాకా దిగబడింది. ఊపిరాడటం కష్టంగా ఉన్నా సంగతి బోధపడింది. పరాయి సామాను ఎవరి ఒళ్ళో ఉంటే ఇసుక వాళ్ళని పట్టుకుంటుంది. ఇంత చిన్న విషయం తెలియడానికి ఇన్నేళ్ళా అని తనమీద తనకే ఒళ్ళు మండింది.

"తల్లీ, ఒక్కొక్కటే తీసుకెళ్ళి ఎవరిది వాళ్ళకి ఇచ్చిరా."

"వాళ్ళు నీళ్ళలో ఉన్నారు కదమ్మా?"

"నీళ్ళలోనే ఇవ్వు."

పిల్ల తిరగడం మొదలెట్టింది. చూస్తుండగానే తండ్రి మొలలోతు నీళ్ళలో ఒక చేత్తో పర్సు, ఇంకో చేత్తో తాళాలూ ఫోనూ పైకెత్తి, గడియారం నోట కరుచుకుని నిలబడ్డాడు. బాబాయి మెళ్ళో చెప్పులు, నెత్తిన కెమెరా పెట్టుకుని అలొచ్చినప్పుడల్లా గెంతుతున్నాడు. ఒక్కో వస్తువు పోయినకొద్దీ పెద్దకోడలు ఇంతింత పైకొస్తోంది. గొడుగుల పెద్దాయన అది చూసి, వచ్చి తాడు విప్పి చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

చివరికి ఒళ్ళో అత్తగారి మందుల డబ్బా ఒక్కటే మిగిలింది. ఇసుక ఇంకా కాళ్ళని పట్టుకునే ఉంది. ఏనాడూ అత్తగారికి ఎదురు చెప్పని ఆవిడకి డబ్బా తిరిగివ్వడానికి చెయ్యి రాలేదు. అత్తగారే కుర్చీలోంచి వంగి తీసుకుంది.

"నాకూ ఒక గుంట ఉండేది అమ్మాయ్. నువ్వు కాపురానికొచ్చిన ఏడు పూడిపోయింది. ఆవేళ నువ్వు చూస్తానంటే, హమ్మయ్య అనుకుని ఊరుకున్నాను. నువ్వూ పద అనవలసిందాన్ని" అంది.

పెద్దకోడలు కళ్ళు తుడుచుకుంది. ఎవరూ లాగకుండానే లేచి నిలబడింది. కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి, అయినా కూతురి చెయ్యి పట్టుకుని నీళ్ళవైపు నడిచింది. భర్త గడియారం నోట్లో ఉండగానే ఏదో అడిగాడు. సామాను ఎవరు చూస్తారనే అయ్యుంటుంది. ఆవిడ అతన్ని దాటుకుని వెళ్ళి, వస్తున్న అలకింద మునిగి అవతల తేలింది.

"అమ్మా, నీకు ఈతొచ్చా!"

"వచ్చు తల్లీ. రా, నేర్పిస్తాను."

పిల్ల దగ్గరకొచ్చేదాకా ఆగి, ఒక్కసారి వెనక్కి చూసింది. ఒడ్డున కూతురి చిన్నగుంట పూడి చదునైపోయింది. తన గుంట పూడిందో లేదో అత్తగారి కుర్చీ అడ్డొచ్చి కనిపించలేదు. చిన్నది పూడింది, ఆవిడకి అది చాలు.