మలుపు దీపం

గోళ్ళు కత్తిరించుకున్నాడు, అంటే రేపటి భోజనానికి సిద్ధపడే వచ్చాడన్నమాట, స్టీరింగు మీద తమ్ముడి వేళ్ళు చూస్తుంటేనే కెముంటోకి ఒళ్ళు మండింది, ఈ చెయ్యీ నా చెయ్యీ ఒకే పళ్ళెంలో పెట్టాలట, ఒకే ముద్దని చెరోవైపు నుంచీ తుంచుకోవాలట, మకోరి చిన్నాన్న ఫోనులో చెప్పింది అదే, మేకని కోస్తున్నాం తల్లీ, పెద్దలంతా వస్తున్నారు, నువ్వూ నీ తమ్ముడు ఒగెటో ఒక్క పళ్ళెంలో తినాలి, ఇంటికి పెద్దకూతురివి, నువ్వు తింటేనే వాడు మళ్ళీ మన గడప తొక్కేది, అని, తినకపోతేనో చిన్నాన్నా అంటే అవతల చాలాసేపు దగ్గు, ఆ దగ్గు అయ్యాక, ఏముంది, వాడు ఈ ఇంట్లో పుట్టలేదనుకుంటాం అన్నాడు, ఎంత తేలిగ్గా అన్నాడో, పలక మీద గీత చెరిపేసినట్టు, మరి ఆ పలక తెచ్చి నా చేతికే ఎందుకివ్వాలి, సరే ఇచ్చారుగా, వెళ్తాను, అందరి ముందూ కూర్చుంటాను, చేతులు మాత్రం కడుక్కోను, ఒక్క మాట కూడా మాట్లాడక్కర్లేదు, చేతులు కడుక్కోలేదంటే తిననని ఎవరికైనా అర్థమవుతుంది, నకూరులో బయల్దేరినప్పట్నుంచీ ఇదే అనుకుంటోంది, పొద్దున కుట్టుమిషను మీద గుడ్డ కప్పి దుకాణం బయటికి వచ్చేసరికి వీధిలో ఈ కారు, తలుపు తీసి పట్టుకుని టాక్సీవాడిలా వీడు, అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా పొడిమాటలే, నీళ్ళు తాగుతావా అక్కా, వద్దు, కిటికీ ఎత్తనా అక్కా, నీ ఇష్టం, కెరిచో టీ తోటల మీద వాన మొదలైంది, సోతిక్ దాటేసరికి వెలుతురు పల్చబడింది, వీడు పెద్దలైట్లు వేశాడు.

ఆ లైట్లూ, వాటి పక్కన బంపరు మూలల్లో ఆ బుల్లి దీపాలూ, అబ్బో, మొంబాసా నుంచి ఈ కారు తెచ్చిన రోజు ఎంత హడావిడి చేశాడని, జపానువాళ్ళు వాడి వదిలేసిన కారే, అయినా ఏళ్ళ తరబడి ఎవరిదో లారీ తోలినవాడికి సొంతబండి కదా, వాకిట్లో కోళ్ళని అదిలించి, అమ్మని చెయ్యి పట్టుకుని కారు ముందుకి తీసుకెళ్ళాడు, చూడమ్మా, పెద్దలైట్లకి ముక్కు ఎటుంటే అటే చూపు, మనం తిరిగేదేమో పక్కకి, పూర్తిగా తిరిగేదాకా ఆ పక్క చీకటే, గుంట ఉందో గట్టు ఉందో తెలీదు, ఈ మూల దీపం ఆ పక్కకే కొడుతుంది, మనం తిరగబోయే చోటు ముందే కనిపిస్తుంది, అని, అమ్మ వంగి ఆ గాజుని తను కప్పుకున్న కంగా గుడ్డ అంచుతో తుడిచి, అంటే నువ్వు పోబోయే చోటికి నీకంటే ముందు పోయి చూసొస్తుందన్నమాట, మీ నాన్నకి పెట్టించాల్సింది ఇలాంటిది, సారా కొట్టు నుంచి వస్తూ రోజూ కాలవలో పడేవాడు కాదు, అంది, వాకిలి వాకిలంతా నవ్వింది, నవ్వి నవ్వి కెముంటోకి పొలమారింది కూడా, అమ్మే వీపు మీద చరిచింది, ఆ అరచెయ్యి, అరటిగెలలు కోసి కోసి గరుకెక్కిన ఆ అరచెయ్యి.

ఆ అమ్మనే, ఆ దీపం ఉన్న కారుతోనే, దేవుడా, శనివారం చర్చిలో ప్రార్థన అయ్యాక అమ్మ ఇంటికి పోయేది కాదు, పెద్దరోడ్డు నుంచి మట్టిదారి చీలే మలుపులో నిలబడేది, వీడు వారం వారం సాయంత్రం ఆ దారినే వస్తాడని, అక్కడ ఎక్కితే ఇంటిదాకా నాలుగు అడుగులు కారులో పోవచ్చని, ఆ కాస్త దూరానికే ముందుసీట్లో కూర్చుని, అద్దం దించుకుని, పొద్దున చూసినవాళ్ళనే మళ్ళీ పేరు పేరునా పలకరించేది, అదొక సరదా ఆవిడకి, ఆ వేళ వానకి ముందే చీకటి పడింది, అవతలి గట్టంతా బురదయింది, అందుకని ఈ పక్కకి, మలుపు లోపలివైపుకి వచ్చి నిలబడింది, అంతే, కాస్త గట్టి నేల చూసుకుని నిలబడింది, వీడు ఎడమకి తిప్పాడు.

కనిపించలేదన్నాడు, పోలీసులతో అదే, పెద్దలతో అదే, అమ్మని పూడ్చిన గొయ్యి పక్కన కెముంటో వీడి చొక్కా పట్టుకుని అడిగినప్పుడూ అదే, ఆ మూల దీపం వెలుగుతోందా అప్పుడు అంటే, వెలుగుతోందక్కా, లైట్లన్నీ వేసే ఉన్నాయి, అన్నాడు, మరి ఎందుకు కనిపించలేదు, అంత దగ్గర, పసుప్పచ్చ తలగుడ్డ కట్టుకున్న మనిషి, అంటే నీళ్ళు నమిలి, నాకు తెలీదక్కా, అన్నాడు, ఆ నాకు తెలీదు అన్న మాటతోనే వాడు ఆమెకి తమ్ముడు కాకుండా పోయాడు, పోలీసుల మెకానిక్ అన్ని మీటలూ నొక్కి చూశాడు, అన్ని దీపాలూ వెలిగాయి, బల్బు మంచిదే, తీగ మంచిదే, ప్రమాదం అని రాసుకుని వదిలేశారు, దీపం వెలిగితే మనిషి కనిపించాలి, కనిపించలేదంటే వీడి కళ్ళు ఫోనులో ఉండి ఉండాలి, లేదా తాగి ఉండాలి, ఏదో ఒకటి ఒప్పుకుంటే ఏడ్చి ఊరుకునేదాన్ని, అబద్ధం ఆడేవాడితో ఒక పళ్ళెంలో ఎలా తింటాను, చచ్చినా తినను.

రోడ్డులో ఎత్తు మొదలైంది, ముందు చెరకు ట్రాక్టరు నత్తనడక నడుస్తోంది, వీడు దాని వెనకాలే ఈడుస్తున్నాడు, అమ్మ పోయాక వీడు ఎవర్నీ దాటి వెళ్ళడు, చిన్నాన్న చెప్పాడు, వెనక మటాటు వ్యానువాడు ఆగలేక హారను కొడుతున్నాడు, వీడు కుడి సిగ్నలు వేశాడు, కుడికి తిరగడానికి కాదు, ఎదురుగా బండి వస్తోంది ఆగరా అని వెనకవాడికి చెప్పడానికి, లారీ భాష, ఈ రోడ్ల మీద అందరికీ వచ్చిన భాషే, ఎదుటి బండి వెళ్ళిపోయాక ఎడమ సిగ్నలు వేశాడు, ఇక పోవచ్చు అని, టిక్కుటిక్కుమంటోంది అది, వీడి కళ్ళు అద్దంలో వెనకవాడి మీద, కెముంటో కళ్ళు కిటికీలోంచి గట్టు మీద, గట్టు ఒక్కసారిగా తెల్లగా వెలిగింది, తడిసిన గడ్డి, టీ ఆకుల గోనె నెత్తిన పెట్టుకుని ఒదిగి నిలబడ్డ ఒక ఆడమనిషి, ఆవిడ కాలి నీలం చెప్పులు, ఒక చెప్పుకి కట్టిన పీలిక కూడా కనిపించింది, మటాటు దాటిపోతూ థాంక్స్ అని రెండుసార్లు హారను కొట్టింది, గట్టు మళ్ళీ చీకటైంది, చూశావా, చెప్పు పీలిక కనిపించిన దీపానికి మా అమ్మ కనిపించలేదట, వీడి ముందు ఏడవకూడదని మొహం కిటికీ వైపే ఉంచింది.

కెరోకా దాటారు, వాన సన్నబడింది, పొయ్యిల పొగ, ఎక్కడో చిన్సాగా ఆకుకూర ఉడుకుతున్న చేదువాసన, మట్టిదారి చీలిక ఇంకా కాస్త దూరం ఉందనగా వీడు కారు ఆపాడు, ఇంజను ఆపకుండా దిగాడు, ఎక్కడికిరా అంటున్నా వానలో నడుచుకుంటూ మలుపుదాకా వెళ్ళి, ఫోను వెలుగులో వంగి గట్టు ఇవతలా అవతలా చూశాడు, గడ్డిని చేత్తో పక్కకి తీసి మరీ చూశాడు, పిల్లి కూడా లేదక్కడ, తిరిగొచ్చి కూర్చున్నాడు, మోకాళ్ళదాకా బురద, ఏంటది అంది, ఏంలేదక్కా, మనిషెవరైనా ఉన్నారేమో చూసి వస్తుంటాను, ఈ ఒక్క చోటేనా, కాదు, మలుపు ఎక్కడుంటే అక్కడ, అన్నాడు, ఇంత లావు మనిషి, పసివాడిలా ముక్కు తుడుచుకుని, గేరు వేసి, మనిషి నడిచినంత నెమ్మదిగా ఎడమకి తిప్పాడు, అమ్మ కూర్చునే సీట్లోనే కదా నేను కూర్చున్నది, అనుకుంటూ కెముంటో కిటికీలోంచి ఆ చోటు చూద్దామని తల తిప్పింది, చూడకూడదనుకుంటూనే తిప్పింది, ఏమీ లేదు, గట్టు లేదు, గడ్డి లేదు, చీకటి, గుడ్డ కప్పినట్టు చీకటి, పెద్దలైట్లు ఎదురుగా ఉన్న అరటితోటని చూపిస్తున్నాయి, తిరుగుతున్న పక్క మాత్రం నల్లగా ఉంది.

ఆపు, అంది, ఆపాడు, దీపం ఏదిరా, అంది.

ఏ దీపం, మూలదా, వెలుగుతూనే ఉంటుందిగా అక్కా, పెద్దలైట్లు వేస్తే అదీ వెలుగుతుంది, ఇటునుంచి నాకు కనబడదు గానీ, అన్నాడు, ఆ మీదట ఆగలేకపోయాడు, అదే కదక్కా నన్ను తినేస్తోంది, దీపం వెలుగుతూ ఉంటే అమ్మ కనబడి తీరాలి, అంటే నేను చూసే ఉంటాను, చూసి కూడా పోనిచ్చానేమో, చూసింది మర్చిపోయానేమో, నాకే తెలీదు, నువ్వు అడిగినప్పుడూ అదే చెప్పాను, అబద్ధం కాదక్కా, నాలో ఎవడున్నాడో నాకే తెలీదు, అందుకే దిగి చూస్తాను, నా కళ్ళని నేను నమ్మను, అంటున్నాడు, కెముంటోకి మాటలు సగమే వినబడుతున్నాయి, ఆమె చెవుల్లో ఇంకేదో తిరుగుతోంది, నిశ్శబ్దం, మరి ఇందాక ఎత్తులో టిక్కుటిక్కుమన్నది ఏమిటి, ఆ టిక్కు ఉన్నంతసేపే గట్టు వెలిగింది, నీలం చెప్పులు కనబడ్డాయి, టిక్కు ఆగగానే చీకటైంది, ఇప్పుడు టిక్కు లేదు, సిగ్నలు ఎందుకు వెయ్యలేదురా, అంది.

ఎవరికి వెయ్యాలక్కా, వెనక ఎవరూ లేరుగా, అన్నాడు.

వెనక ఎవరూ లేరు, అవును, ఆ వేళా ఉండి ఉండరు, వాన, శనివారం, ఖాళీ రోడ్డు, ఏళ్ళ తరబడి సిగ్నలంటే వెనకవాడితో మాట్లాడటమే అనుకున్నవాడు, చెప్పడానికి మనిషి లేనప్పుడు ఎందుకు వేస్తాడు, ఊళ్ళో ఎవరు వేస్తారు, మకోరి చిన్నాన్న కొడుకు వేస్తాడా, పాస్టరు వేస్తాడా, సొంత ఇంటి మలుపులో సిగ్నలు వేస్తే నవ్వుతారు, సిగ్నలు వేస్తేనే ఆ దీపం వెలుగుతుందని వీడికి ఎవరూ చెప్పలేదు, అమ్మినవాడు చెప్పలేదు, మెకానిక్ అన్నీ ఒకేసారి నొక్కాడు, దీపం తయారుగానే ఉంది, ఇటు తిరుగుతున్నానని వీడు చెబితే చూపిద్దామని, వెనక ఎవరూ లేరని వీడు చెప్పలేదు, ముందు అమ్మ ఉంది, పలకరింపుగా చెయ్యి ఎత్తే ఉంటుంది, బాబూ అని పిలిచే ఉంటుంది, అయ్యో అమ్మా, ఒక్క వేలు కదిపితే, ఒక్క వేలు, అయితే వీడు అబద్ధం ఆడలేదు, నిజంగానే చూడలేదు, ఇన్ని నెలలుగా వీడి గొంతు మీద కాలు పెట్టి నిలబడింది నేను.

ఎడమ సిగ్నలు వెయ్యి, అంది, ఎవరికక్కా, అన్నాడు మళ్ళీ, వెయ్యరా తమ్ముడూ, అంది, తమ్ముడూ అన్న మాట ఎన్నాళ్ళకి వచ్చిందో ఇద్దరూ గమనించలేదు, వేశాడు, గట్టు వెలిగింది, గడ్డిపోచ గడ్డిపోచా, బురదలో కోడి అడుగులు, నిలబడటానికి అనువుగా ఉన్న ఆ గట్టి నేల, దాని మీద పడుతున్న చినుకులు, ఒగెటో ఆమె మీదుగా వంగి కిటికీలోంచి చూశాడు, సిగ్నలు తీశాడు, చీకటి, వేశాడు, వెలుగు, తీశాడు, మళ్ళీ వేశాడు, ఇక తియ్యలేదు, అర్థమవుతోంది వాడికి, ఆమె పక్కనే, ఆమె భుజానికి ఆనుకునే అర్థమవుతోంది, చూసి చంపానేమో అన్న భయం పోయింది, దాని చోట్లో, ఒక్క వేలు కదిపి ఉంటే అన్నది, జీవితాంతం ఉండేది, వచ్చి కూర్చుంటోంది, అది ఏమిటో ఈ లోకంలో ఇద్దరికే తెలుసు, రేపు పెద్దలకి చెప్పినా బుర్రలూపి మాంసం వడ్డిస్తారే గానీ వాళ్ళకి అందదు, వాడి తలని రెండు చేతులా పట్టుకుని దగ్గరికి లాక్కుంది, వాడు అమ్మా అని ఏడుస్తుంటే ఊరుకోమనలేదు, తప్పు లేనివాడని కాదు, క్షమించగలిగిందనీ కాదు, ఇది ఒక్కడే మొయ్యగలిగే బరువు కాదు, అందుకని రేపు వాడితో పాటు తను కూడా చేతులు కడుక్కుంటుంది.