మాగిన ఎరువు

ఆకుల మామ ఎరువు కుప్పలోకి చెయ్యి దూర్చి, కళ్ళు మూసుకుని, కాసేపు అలాగే ఉండిపోయాడు. జ్వరం చూసే డాక్టరు కూడా అంత శ్రద్ధ పెట్టడు. లోపలి వేడికి వేళ్ళు చురుక్కుమనగానే చెయ్యి లాక్కున్నాడు. "ఇది ఇంకా ఉడుకుతోంది. దాహం మీదుంది," అని తనలో తనే అనుకుని గొట్టం విప్పాడు.

నీళ్ళు పడ్డచోటల్లా ఆవిరి లేచింది. ఊళ్ళో రోడ్ల మీద రాలిన ఆకులూ, కత్తిరించిన గడ్డీ, వంటిళ్ళ తొక్కలూ అన్నీ ఈ ఆవరణకే వస్తాయి. ఆయన వాటిని తిరగేస్తాడు, తడుపుతాడు, మళ్ళీ తిరగేస్తాడు. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ అదే పని. మనిషి పొట్టి, బక్కపలచన. అరచేతుల గీతల్లోని నలుపు ఏ సబ్బుకీ లొంగదు. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే, "వచ్చినవాటిని వెనక్కి పంపిస్తుంటాను," అంటాడు. ఆయన లెక్కలో పారేసింది అంటూ ఏదీ ఉండదు. ఆవిరి పైకి పోయి ఎక్కడో వానై దిగుతుంది. ఆకు మట్టవుతుంది, మట్టి మళ్ళీ ఆకవుతుంది. వాటిలో దేనికీ తొందర లేదు. తొందరపడింది తనే, ఒక్కసారి.

ఆ ఒక్కసారికే చెల్లెలు దూరమైంది. భర్త పోయాక ఆమె ఇంటి వెనక మొక్కల నర్సరీ పెట్టుకుంది. అన్నగా ఊరుకోలేక, సగమే మాగిన ఎరువును, పైకి నల్లగానే ఉంది కదా అని జల్లించి బండెడు తోలించాడు. పచ్చి ఎరువుకు ఆకలెక్కువ. అందులోని పురుగూ బూజూ మిగిలిన ఆకుల్ని అరిగించుకోవడానికి మట్టిలోని నత్రజనినంతా లాగేసుకున్నాయి. చూస్తూ చూస్తుండగానే నారంతా పాలిపోయి, పసుపెక్కి, తలలు వాల్చేసింది. 

"పని రానివాళ్ళు చేశారంటే సరే. నీకు తెలియదా అన్నయ్యా?" అంది ఆమె. అంతే, మళ్ళీ మాట్లాడలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడ్డా పక్కకు తిరిగిపోయేది. ఆమె అన్నది నిజమే కాబట్టి ఆయనకు కోపం కూడా రాలేదు, సిగ్గు మాత్రం మిగిలింది.

ఈ పొద్దున ఆమెకు ఒక బస్తా పంపాడు. రెండు వానాకాలాల పాటు మూలనున్న కుప్పను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అది పూర్తిగా చల్లారి, తడిసిన నేల వాసన వచ్చేదాకా ఆగాడు. నాలుగు గింజలు చల్లి చూశాడు. మొలకలు నిగనిగలాడుతూ లేచాక గానీ బస్తాకెత్తలేదు. ట్రాక్టరు డ్రైవరుకు అప్పగిస్తూ, "ఏమైనా అంటే విను. ఏమీ అనకపోతే ఏం చేసిందో చూసి రా," అన్నాడు.

మధ్యాహ్నం జల్లెడ పట్టే ఆవిడ కేకేసింది.

"మామా, తిందువు రా."

"డ్రైవరు రానీ అమ్మా. ముద్ద దిగేలా లేదు."

"చెల్లెలేమైనా జడ్జీయా, తీర్పు చెప్పడానికి?"

"అంతకన్నా ఎక్కువే," అని నవ్వాడు. ఎడమ భుజం లాగుతుంటే రుద్దుకుంటూ మళ్ళీ పార అందుకున్నాడు.

డ్రైవరు వచ్చేసరికి ఎండ తగ్గింది.

"గేటు పక్కన పెట్టమంది మామా."

"అంతేనా?"

"బండి తిప్పుకుంటూ చూశాను. బస్తా మూతి విప్పి, గుప్పెడు తీసి వాసన చూసింది."

"మొహం చిట్లించిందా?"

"లేదు. ఆ గుప్పెడు పట్టుకునే మెట్టు మీద కూర్చుండిపోయింది."

ఆకుల మామ తలూపాడు. చాలా కాలానికి ఆయన గుండె తేలికపడింది. కాసేపు నడుం వాలుస్తానని చెప్పి, వెచ్చటి కుప్పకు వీపు ఆనించి కాళ్ళు చాపుకున్నాడు. జల్లెడావిడ పని ముగించుకుని లేపబోతే లేవలేదు. ఊపిరి ఎప్పుడు ఆగిందో, పది అడుగుల్లో ఉండి కూడా ఆవిడకు తెలియలేదు.

అంబులెన్సు వెళ్ళిపోయిన కాసేపటికి గేటు దగ్గర ఒకామె వచ్చి నిలబడింది. మోచేతుల దాకా నల్లటి మట్టి. కడుక్కోకుండానే వచ్చేసింది. ముక్కు తీరు చూసి జల్లెడావిడ పోల్చుకుంది.

"మా అన్నయ్య ఉన్నాడా? తొట్లన్నీ నింపేశాను. ఇంకో బస్తా కావాలని చెబుదామని వచ్చాను."

జల్లెడావిడ చెప్పలేక చెప్పింది. చెల్లెలు నిలబడే వింది. తర్వాత ఆ కుప్ప దగ్గరికి నడిచి, ఆయన వీపు ఆనిన గుంటలో అరచెయ్యి పెట్టి, మెల్లగా కూలబడింది.

"అన్నం తిన్నాడా?" అని అడిగింది.

ఆ మాటకు జల్లెడావిడకు దుఃఖం ఆగలేదు. అక్కడ పనిచేసేవాళ్ళంతా పొద్దున్నే తమ అన్నం డబ్బాలు ఉడికే కుప్పల్లో పూడ్చిపెట్టుకుంటారు. ఆ వేడి ఉండగా వేరే పొయ్యి ఎందుకని. ఆవిడ కుప్ప పక్కన వంగి పై ఆకులు తోసి, గుడ్డలో మూటకట్టిన ఆయన స్టీలు డబ్బా తీసి చెల్లెలి ఒళ్ళో పెట్టింది.

ముడి విప్పని ఆ డబ్బా, అప్పుడే పొయ్యి మీంచి దించినట్టు వేడిగా ఉంది.