వెనక చక్రాల మీద బరువు

టైర్ల షాపాయనకి గేజి అని పేరు. కన్నవాళ్ళు పెట్టింది కాదు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట గాలి కొలిచే గేజి పెట్టుకు తిరుగుతాడని జనం పెట్టింది. ముప్పై ఏళ్ళుగా అదే షాపు, అదే గేజి, అదే నోరు. పనికి వంక పెట్టలేం. నోటికి మాత్రం ముళ్ళున్నాయి. టైర్ల విషయంలో తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటాడు. చాలాసార్లు ఆ కుందేలుకి నిజంగానే మూడే కాళ్ళు తేలేవి, అదీ వచ్చిన చిక్కు. అలా తేలిన ప్రతిసారీ ఆ నోరు ఇంకాస్త పెరిగేది.

వానలు ఇంకో నెలలో వస్తాయనగా అతని చెల్లెలి భర్త పాత పికప్ తెచ్చి షాపు ముందు ఆపాడు. వయసులో గేజి కంటే చిన్నవాడు. కొండమీద రాతి క్వారీలో మోటార్లకి కరెంటు పని చేస్తాడు, అక్కడే క్వారీ ఇళ్ళలో కాపురం. నోట్లో నాలుక లేని మనిషి. ఆ రోజు మాత్రం, పాపం, సొంతంగా ఒక ఆలోచన చేసుకుని వచ్చాడు.

చెల్లెలికి కిడ్నీలు రెండూ పనిచెయ్యడం మానేసి ఏడాదిన్నర అయింది. సోమ, బుధ, శుక్రవారాలు కింద ఆస్పత్రిలో నాలుగేసి గంటలు మిషన్ మీద పడుకోవాలి. ఒకసారి తప్పితే ఒళ్ళంతా నీరు పడుతుంది. రెండోసారి కూడా తప్పితే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుందని డాక్టరు ముందే చెప్పింది. క్వారీ నుంచి తారురోడ్డు దాకా ఆరు కిలోమీటర్ల మట్టిదారి, మధ్యలో వాగు, ఆ తరవాత ఆస్పత్రి దాకా తారే. ఎండల్లో ఏ టైరైనా దాటిస్తుంది. వానల్లో ఆమె ప్రాణం ఆ నాలుగు చక్రాల మీదే.

"బావా, ఇది టూ వీల్ డ్రైవ్ కదా," అన్నాడు బావమరిది. "తోసేవి వెనక చక్రాలే. వెనక రెండిటికీ మట్టికీ తారుకీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైర్లు వేసి, ముందు ఈ నున్నటివే ఉంచేస్తే? తారు మీద కుదుపు తగ్గుతుందేమో, ఆవిడకి కొంచెం..."

షాపులో అప్పుడు ఇద్దరు లారీ డ్రైవర్లు టీ తాగుతున్నారు. గేజికి వినేవాళ్ళుంటే ఊపు ఎక్కువ.

"ఇంజనీరు గారొచ్చారు, కుర్చీ వెయ్యండయ్యా!" అన్నాడు. "వెనకవి తోస్తాయి సరే. తిప్పేదెవరు, మీ తాతా? వెనక పట్టుండి ముందు లేకపోతే వాగు గట్టు మీద నువ్వు స్టీరింగు ఇటు తిప్పుతావు, బండి అటే పోతుంది. వేస్తే నాలుగూ ఒకే రకం వెయ్యాలి. వైర్లు పట్టుకునేవాడివి వైర్లు పట్టుకో. టైర్ల సంగతి నాకు చెప్పకు."

డ్రైవర్లు పొట్ట పట్టుకుని నవ్వారు. బావమరిది మొహం కందిపోయింది. "మీరెలా అంటే అలాగే బావా," అన్నాడు. గేజి చెప్పింది అక్షరాలా నిజం. ఆ నిజాన్ని మెల్లగా చెప్పినా నిజంగానే ఉండేది, కానీ ఆ సంగతి అతనికి ఎవరు చెప్తారు? పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

అయినా, టైర్లు ఎంచడంలో అతను పెట్టిన శ్రద్ధ పెళ్ళికూతురి చీరలకి కూడా ఎవరూ పెట్టరు. పెద్దపెద్ద గుండీల మడ్ టైర్లు ముందే పక్కన పెట్టాడు. బురదలో అవి రాజులే గానీ తడి తారు మీద జారిపోతాయి, ఈ దారిలో మట్టి కంటే తారే ఎక్కువ. మరీ బరువైనవీ వద్దన్నాడు, పాత ఇంజను లాగలేక ఏడుస్తుందని. చివరికి గాడులు లోతుగా ఉండి, పక్కభాగం రాళ్ళకి చీలని రకం నాలుగు దింపించి, ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో తడిమి చూశాడు. చెల్లెలంటే అతనికి ప్రాణం. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు, టైర్లు మాత్రం తన చేత్తోనే బిగించాడు.

"ఒట్టి టైర్లతో పని కాదు," అన్నాడు చివర్లో, ప్రతి పికప్పు వాడికీ చెప్పే పాఠమే. "ఖాళీ పికప్‌కి వెనక బరువుండదు. బరువు లేని చక్రం గిర్రున తిరుగుతుంది గానీ నేలని పట్టదు. యాభై కిలోల ఇసుక మూటలు నాలుగు, సరిగ్గా వెనక ఇరుసు మీదికి వచ్చేట్టు పెట్టు. వానలు వెనకబట్టేదాకా దించకు."

వానలు వచ్చాయి. ఆరు వారాలు బండి ఒక్క రోజు ఆగలేదు. "అన్నయ్యా, నీ టైర్లు మేకపిల్లల్లా ఎక్కేస్తున్నాయి," అని చెల్లెలు ఫోన్‌లో చెప్పి నవ్వింది. గేజి ఆ మాట షాపుకి వచ్చిన ప్రతివాడికీ వినిపించాడు. కొండమీద ఇంట్లో బండి ప్రస్తావన వస్తే బావమరిది ఇప్పుడు ఒకటే మాట అనేవాడు: "బావ చెప్పారు." గాలి ఎంత పెట్టాలన్నా బావ చెప్పారు, వాగు ఏ గేరులో దిగాలన్నా బావ చెప్పారు. చెల్లెలు ఉడికించేది: "కాపురం నాతోనా, మా అన్నయ్యతోనా?"

ఏడోవారం బుధవారం రోజున ఆస్పత్రిలో కరెంటు పోయింది. జనరేటర్ కూడా మొరాయించింది. శుక్రవారం పొద్దున్నే రమ్మని పంపేశారు. గురువారం సాయంత్రం గేజి పళ్ళు పట్టుకుని కొండెక్కాడు. చెల్లెలు మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మొహం ఉబ్బిపోయింది, కాళ్ళు దిమ్మల్లా ఉన్నాయి, నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది.

"బాగా బరువెక్కాను అన్నయ్యా," అంది. "ఇన్నాళ్ళూ... చిక్కిపోయానని ఏడిచావుగా."

తెల్లవారేసరికి ఇంకా పాడైంది. రాత్రంతా వాన, వాగు దాటే వీల్లేక గేజి కూడా అక్కడే ఉండిపోయాడు. ఆ వాన అప్పుడే తెరిపిచ్చింది. బండి ముందు సీట్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చోబెడితే ఊపిరాడడం లేదు. వెనక్కి ఏటవాలుగా ఆనించి, కాళ్ళు చాపితే కాస్త నయంగా ఉంది. వెనక తొట్టిలో పరుపు వేసి తీసుకెళ్ళాలి, వేరే దారి లేదు. తొట్టి నిండా ఇసుక మూటలు. తడిసి, గట్టిపడి, అంచులు పొడుచుకొచ్చి ఉన్నాయి.

గేజి పైకెక్కి మొదటి మూట తీసి కిందికి తోశాడు. తరవాత రెండోది. మూడోదాని మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగాడు. తెలుసు. తెలియకేం, ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ చెప్పిన పాఠం. కానీ కింద చెల్లెలు తలుపు పట్టుకుని ఆయాసపడుతోంది, ఆ గట్టి మూటల పక్కన ఆమెని ఇరికించడానికి చేతులు రాలేదు. నేనూ చెల్లీ కూర్చుంటాం, ఆ బరువు చాల్లే అనుకున్నాడు. టైర్లు ఏరి వేసినవి, ఎక్కేస్తాయిలే అనుకున్నాడు. మూడోది, నాలుగోది కూడా దించేశాడు. బావమరిది పరుపు పట్టుకుని కిందే నిలబడి ఉన్నాడు. దించిన మూటల వంక చూస్తున్నాడు.

వెనకవైపు కుదుపు ఎక్కువని, గేజి పరుపుని ముందుకి జరిపి క్యాబిన్ గోడకి ఆనించాడు. చెల్లెల్ని ఒళ్ళోకి తీసుకుని తనూ అక్కడే కూర్చున్నాడు. ఉన్న ఆ కొంచెం బరువూ అలా వెనక ఇరుసు మీంచి ముందుకి పోయింది.

బావమరిది నడుపుతుంటే వాగులోకి బండి బాగానే దిగింది. నీళ్ళు మోకాలు లోతుకి మించి లేవు. అవతలి గట్టు మొదట్లో ముందు చక్రాలు ఎక్కాయి. వెనక చక్రాలు మట్టి మీద ఒక్క చుట్టు పట్టి, వదిలేసి, గిర్రున తిరిగాయి. బండి వెనక్కి జారింది. ఇంకోసారి. ఇంకోసారి. మూడోసారికి ఎర్రమట్టి కోసుకుపోయి చక్రం సగం దిగబడింది. గేజి దూకి, జేబులోంచి గేజి తీసి, నాలుగు టైర్లలోనూ గాలి సగానికి తగ్గించాడు. కొంచెం పట్టింది, మళ్ళీ జారింది. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు, ఫోన్‌కి సిగ్నల్ లేదు.

అప్పుడు ఇద్దరూ రాళ్ళు ఏరడం మొదలుపెట్టారు. ఎందుకని బావమరిది అడగలేదు, ఎందుకో గేజి చెప్పలేదు. వాగులోంచి మోయగలిగినంత రాయి మోసుకొచ్చి తొట్టి వెనక భాగంలో వేస్తున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. గేజి వేళ్ళ గోళ్ళు చిట్లాయి. ప్రతి రాయికీ చెల్లెలి మొహం చూస్తున్నాడు. మొదట్లో ఆమె కళ్ళు అతని వెంట తిరిగాయి. తరవాత మూసుకుంది. పెదాల మీద గులాబీ రంగు నురుగు కనిపిస్తే చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ రాళ్ళకి పరిగెత్తాడు. దాదాపు గంట పట్టింది.

తొట్టిలో రాళ్ళు పడ్డాక బండి ఒక్క ఊపులో గట్టెక్కేసింది. ఒక్కసారి కూడా జారలేదు. గేజి జీవితంలో అంత అసహ్యమైన పట్టు ఇంకోటి చూడలేదు.

ఆస్పత్రి గుమ్మంలో నర్సు ఆమె మెడ మీద వేళ్ళు పెట్టి చూసి, "ఎంతసేపయింది?" అని అడిగింది. ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

ఊళ్ళో వాళ్ళు వాన అన్నారు, వాగు అన్నారు, రాత అన్నారు. మూటల మాట ఎవరూ ఎత్తలేదు. గేజి కూడా ఎత్తలేదు. షాపు తీశాడు, పంచర్లు వేశాడు. టూ వీల్ డ్రైవ్ బండి ఏదైనా ఆగి టైర్ల గురించి అడిగితే సరుకు లేదని పంపించేశాడు.

మూడు వారాలు పోయాక బావమరిది పికప్ తెచ్చి షాపు ముందు ఆపాడు. మనిషి సగమయ్యాడు.

"బండి అమ్మేస్తున్నా బావా. కొనేవాడు ఊళ్ళో తిప్పుకోడానికే. ఈ నాలుగూ విప్పుకోండి, ఇంకా కొత్తవేగా. కొండ దారుల్లో తిరిగేవాళ్ళకి పనికొస్తాయి."

గేజి జాకీ పెట్టి నట్లు విప్పడం మొదలుపెట్టాడు. రెండో చక్రం దగ్గర చేతులు ఆగిపోయాయి. తల ఎత్తకుండానే అన్నాడు.

"మూటలు దించింది నేనయ్యా. దించకూడదని తెలిసే దించాను. నా చెల్లెల్ని నేనే చంపుకున్నాను."

బావమరిది విప్పిన చక్రాన్ని దొర్లించి గోడకి ఆనించాడు.

"తెలుసు బావా. నేనక్కడే ఉన్నాగా. నోటిదాకా వచ్చింది. టైర్ల సంగతి మీకు నేను చెప్పేదేమిటని మింగేశాను." నేల మీది నట్లు ఏరి పక్కన పెట్టాడు. "ఆవిడకీ తెలుసు. పరుపు మీదికి ఎక్కిస్తుంటే నా చెయ్యి పట్టుకుని మూటలవైపు చూపించింది. అన్నయ్యకి చెప్పండి అంది. మీకు తెలియకపోతే కదా చెప్పడానికి, అని నేనే నోరు మూయించాను."

గేజి చక్రం పక్కన నేల మీద కూలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా తన ముందు గొంతెత్తని ఆ మనిషి మొహంలోకి చూశాడు.

"తిట్టవయ్యా," అన్నాడు. "నీకు దణ్ణం పెడతాను, నలుగురిలో నిలబెట్టి తిట్టు."

"నాకు రాదు బావా," అన్నాడు బావమరిది.

గేజికి ఏడుపు ఆగలేదు. రోడ్డు మీద పోయేవాళ్ళు నిలబడి చూస్తున్నారు. బావమరిది అతని చేతిలోంచి స్పానర్ తీసుకుని, మిగిలిన చక్రాలు తనే విప్పాడు.