చెవి మిషన్ డబ్బులు

"పాప చదువుకైతే సరే, కొందాంలే" అన్నారు మా ఆయన చంద్రరావు, మజ్జిగన్నంలోకి ఆవకాయ ముక్క వేసుకుంటూ. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. దాదాపు లక్ష రూపాయల కంప్యూటరుకి ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారనుకోలేదు. అదే కంప్యూటరు నా పనికి కావాలని మూడు నెలలుగా అడుగుతుంటే, "ఇంట్లో కూర్చుని ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళు చూడ్డానికి లక్ష ఎందుకే?" అన్నారు. ఈసారి నా పేరు తీసేసి మా అమ్మాయి హరిచందన పేరు పెట్టాను, అంతే.

కొవ్వూరులో మా స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు వెనక గదిలో కూర్చుని, ఆరేళ్ళుగా రాజమండ్రిలో రూబీగారి స్టూడియోకి పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. ఏ మేనత్త ముఖం పడకపోతే గొడవవుతుందో చూడకుండానే చెప్పగలను. కుక్కరు కూతలకీ, "అమ్మాయ్, కాఫీ" అన్న పిలుపులకీ మధ్యన చేసే పని అది. వచ్చిన డబ్బులు పాలకీ, గ్యాసుకీ, ట్యూషనుకీ పోతాయి. మా ఆయన మాత్రం బేరానికొచ్చిన వాళ్ళతో "ఏదో కాలక్షేపం లెండి" అంటారు. ఇప్పుడొచ్చే పెద్ద ఫైళ్ళు తెరిస్తే పాత సిస్టమ్ బిగుసుకుపోతోంది. "శ్రావణం ముహూర్తాలకి కొత్తది ఉండాలండీ సూర్యకళగారూ. లేకపోతే పని వేరేవాళ్ళకి ఇచ్చుకోవాలి, ఏమీ అనుకోకండి" అన్నారు రూబీగారు. ఆ భయంలో ఆడిన అబద్ధం ఇది. ఇంటర్లో బైపీసీ చదివే పిల్లకి గ్రాఫిక్స్ కార్డు ఎందుకని మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాడు మా అత్తయ్యగారు సుబ్బాయమ్మగారు నన్ను గదిలోకి పిలిచి ఒక కవరు చేతిలో పెట్టారు. ముప్ఫై వేలు. రెండేళ్ళుగా ఆవిడకి చెవులు బొత్తిగా వినబడటం లేదు.

"చెవి మిషన్‌కని దాచుకున్నానే. ఇప్పుడు నేను విని చేసేదేముంది? పిల్ల చదువు ముఖ్యం, ఉంచు" అన్నారు.

వద్దనాలి కదా. రెండు చేతులూ చాచి తీసుకున్నాను. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే "చెవుల్లో ఆ గొట్టాలేంటి, పిలిచినా పలకవు" అని సాధించిన మనిషే, తన చెవులు తీసి నాకిచ్చేసినట్టుంది. ఆ రోజు నుంచి ఆవిడ ముఖం చూడలేకపోయాను. హరిచందన ఏదో చెప్పి నవ్వితే, ఏం విన్నారో ఏమో, ఆవిడా నవ్వేవారు. ఆవిడ కంచంలో నెయ్యి కాస్త ఎక్కువ వేసేదాన్ని. సిగ్గుపడాల్సిన పని చేసి నెయ్యి వేస్తే సరిపోతుందా?

శనివారం పొద్దున రాజమండ్రి కంప్యూటరు షాపుకి ఫోన్ చేశాను. ఇంటి ఖర్చుల్లో అయిదూ పదీ మిగుల్చుకుని నేను దాచుకున్న ముప్ఫై అయిదు వేలు కట్టేస్తాను, మిగతాది నా పేరు మీద వాయిదాలు పెట్టగలరా అని అడిగాను. రూబీగారు వేసే డబ్బులు ఆరేళ్ళుగా నా ఖాతాలోనే పడుతున్నాయి, ఆ స్టేట్‌మెంటు చాలన్నారు. నెలకి అయిదున్నర వేలు. నెలకి రెండు పెళ్ళి వీడియోలు చేస్తే ఆ వాయిదా తీరిపోతుంది. ఇంత చిన్న విషయానికా నేను అబద్ధమాడాను అనిపించి ఏడుపొచ్చింది.

అత్తయ్యగారు ఎప్పటిలాగే కొట్టు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. లోపల నలుగురు ఇత్తడి బిందెలు బేరమాడుతున్నారు. కవరు ఆవిడ ఒళ్ళో పెట్టి, వంగి చెవి దగ్గర చెప్పాను, "తప్పు చేశానండీ" అని.

"ఆఁ?" అన్నారు.

ఆవిడకి ఏ మాటైనా వీధంతా వినేలా చెప్పాల్సిందే. గొంతు ఎత్తాను.

"కంప్యూటరు పాపకి కాదండీ! నాకు! నా పనికి! మీకు అబద్ధం చెప్పాను! ఈ డబ్బులతో మీరు మిషన్ కొనుక్కోండి!"

బేరం ఆగిపోయింది. బిందె కాటాలో పెడుతున్న మా ఆయన అలాగే వంగి ఉండిపోయారు. అత్తయ్యగారు కవరు కేసి, నా కేసి మార్చి మార్చి చూశారు.

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదే?" అన్నారు.

"మూడు నెలల నుంచీ చెబుతూనే ఉన్నానండీ" అన్నాను. ఈసారి అరవలేదు. నేను చెప్పింది ఆవిడకి కాదు.